బల్లకట్టు గురించి మూడు వాక్యాలు

మొన్నామధ్య మా వీధిలో ఉండే ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరింది. పిల్లలు బోర్డు మీద ఉన్నది చక్కగా దించుకుంటున్నారట గానీ, సొంతంగా రెండు ముక్కలు రాయమంటే పెన్సిలు నోట్లో పెట్టుకుని పైకప్పు వంక చూస్తున్నారట. ఏం చెయ్యాలో చెప్పండి మేడమ్ అంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలచేత రాయించి రిటైరైన మనిషిని. ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చి, ఒక పిల్ల సంగతి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఇది బోధనా పద్ధతి కాదు, జరిగిన విషయం. ఇందులో పద్ధతి ఏదైనా ఉంటే మీలాంటి కుర్రవాళ్ళే ఏరుకోవాలి.

డెబ్బైల నాటి మాట. మాది మంగళగిరి. నాన్న మగ్గం నేసేవారు. ట్రెయినింగు పూర్తయ్యాక పంచాయతీ సమితి కింద నాకు టీచరు ఉద్యోగం వచ్చింది, అదీ టెంపరరీగా. వేసిన ఊరు విజయవాడకు దిగువన, కాలవ గట్టు మీద ఉంది. మంగళగిరి నుంచి రోజూ వెళ్ళిరావడం కష్టమని విజయవాడ వన్ టౌన్‌లో మా పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. పొద్దున్నే బెల్లం బస్తాలు దించే బళ్ళ మధ్య నుంచి, ఎండుమిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ బస్టాండుకు నడిచేదాన్ని. బస్సు బెంజి సర్కిల్ దాటిందంటే అప్పట్లో ఊరు అయిపోయినట్టే. ఇప్పుడు ఆ దారిలో వెళ్తే ఊరు ఎక్కడ అయిపోయిందో తెలియడం లేదు. అప్పుడు మాత్రం ఒక పక్క కాలవ, రెండో పక్క వరిచేలు, కిటికీలోంచి తడిగాలి. నెల జీతం కన్నా ఆ గాలే నాకు ఎక్కువ గుర్తుంది.

మా బడి ఒక పొడుగాటి పెంకుటిల్లు. ముందు వరండా. వరండాకు ఎదురుగానే బస్సులు ఆగే చోటు, దాని పక్కన ఒక టీకొట్టు. ఐదు తరగతులకు ఇద్దరం టీచర్లం. నాతో పనిచేసిన పెద్ద మాస్టారు రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. తెల్లపంచె, తెల్లచొక్కా, ముక్కు మీదికి జారే కళ్ళజోడు. ఆదివారాలు కాలవ అవతలి పాలెంలో ఉన్న చర్చిలో వాక్యం చదివేది ఆయనే. బడిలో ఆయన లోకమంతా చేతిరాత. ఏ పిల్లవాడి పలక మీదైనా తలకట్టు సరిగా లేకపోతే, "ఏరా, తలపాగా లేకుండా పెళ్ళికొడుకును తెచ్చావేంట్రా" అనేవారు. పిల్లలు నవ్వుతూనే దిద్దుకునేవాళ్ళు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ప్రతి అధికారీ మా పిల్లల చూచిరాత పుస్తకాలు చూసి ముచ్చటపడి వెళ్ళేవాడు. ఆ పేరు ఆయన కష్టార్జితం.

నేను చేరిన కొత్తలో నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని ఆవు గురించి రాయమన్నాను. అందరూ ఒకే వ్యాసం రాశారు. ఆవు సాధుజంతువు, దానికి నాలుగు కాళ్ళు, రెండు కొమ్ములు. అక్షరాలు ముత్యాలే. కానీ ఆ ఊళ్ళో ఎవరింట్లోనూ ఆవు లేదు. నువ్వెప్పుడన్నా ఆవుపాలు తాగావా అని ఒకణ్ణి అడిగాను. లేదండీ, మాది గేదె అన్నాడు. మరి గేదె గురించే రాయలేకపోయావా అన్నాను. వాడు నావైపు జాలిగా చూశాడు.

"గేదె పాఠంలో లేదండీ."

వాడి తప్పేమీ లేదు. పాఠంలో ఉన్నదే రాయాలని, తన ఇంట్లో ఉన్నది రాయడానికి పనికిరాదని వాడికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. దీనికి ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. కాగితం మీద రాయిస్తే నేనొక్కదాన్నే చదువుతాను, నా కోసమే రాస్తారు. వరండా గోడ మీద రాయిస్తే బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా చదువుతారు. పెద్ద మాస్టారితో చెబితే ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత సరేనన్నారు గానీ ఒక షరతు పెట్టారు. రోడ్డు మీదికి తప్పులు పోకూడదు. పిల్లలు రాసింది తాను చూసి దిద్దిన తర్వాతే, గోడ సిద్ధమైందని గంట కొట్టాలి.

బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి పిల్లలే గోడకు పూశారు. రోజుకొకరు మూడో నాలుగో వాక్యాలు రాయాలి. తన కళ్ళతో చూసిందై ఉండాలి. అంతకుమించి నియమాలేమీ లేవు. ఆ గేదె పిల్లవాడే మొదట రాశాడు. మా గేదె ఈనింది, దూడ నల్లగా ఉంది, జున్ను మా మావయ్యగారింటికి పంపారు, నాకు కొంచెమే పెట్టారు. టీకొట్టు అతను దాన్ని బస్సు కోసం కూర్చున్న ముసలివాళ్ళకు పైకి చదివి వినిపించాడు. సాయంత్రానికి సంగతి ఊరంతా పాకింది. మర్నాడు వాడి తల్లి గిన్నెతో జున్ను పట్టుకొచ్చి, అందరికీ తలా ఒక ముక్క పెట్టి, మా పరువు తీశాడండీ వీడు అని నవ్వుతూ వెళ్ళిపోయింది. అప్పటి నుంచి గోడ దగ్గర తోపులాట. నా వంతు ఎప్పుడంటే నా వంతు ఎప్పుడని.

ఒక్క పిల్ల మాత్రం ఆ తోపులాటలోకి రాలేదు. నాలుగో తరగతి. కాలవ అవతలి పాలెం పిల్ల. తల్లీ తండ్రీ కూలికి వెళ్ళేవాళ్ళు. బడి మొత్తంలో ఆమె చేతిరాతే అన్నిటికన్నా అందంగా ఉండేది, పెద్ద మాస్టారికి ఆ పిల్లంటే ప్రాణం. ఎంత కష్టమైన పాఠమైనా ఒక్క తప్పు లేకుండా దించేది. సొంతంగా రాయమంటే మాత్రం సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయేది. కాలవ గురించి రాయమని ఒకసారి నేనే విషయం ఇచ్చాను. వాచకంలో నదుల పాఠం తీసి దించింది. ఇంకోసారి పక్కన కూర్చోబెట్టుకుని, మీ ఇంటి దగ్గర ఏం జరిగిందో అదే రాయమ్మా అన్నాను. తల వంచుకుని, "మా ఇంటికాడ రాసేటియ్ ఏం లేవండీ" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. బస్సులో కూర్చున్నా అదే గుర్తొచ్చేది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. కాలవ నిండుగా పారుతోంది. పాలెం పిల్లలు బడికి రావాలంటే బల్లకట్టు మీద కాలవ దాటాలి. రెండు గట్ల మధ్య మోకు కట్టి, దాన్ని లాక్కుంటూ నడిపే చెక్కల తెప్ప అది. ఆ రేవును ఏటా వేలంలో పాడుకుని బల్లకట్టు నడిపించేది ఊళ్ళో ఒక మోతుబరి రైతు. మంచీ మర్యాదా ఉన్న మనిషే. పాలెం వాళ్ళలో చాలామంది ఆయన పొలంలోనే పనిచేసేవాళ్ళు.

ఒకరోజు పొద్దున ఆ పిల్ల ఆలస్యంగా వచ్చింది. మోకాలి కింద గీరుకుపోయి రక్తం కారుతోంది. పావడా అంచు తడిసింది. టీకొట్టు నుంచి కాసిని నీళ్ళూ, చిటికెడు పసుపూ తెప్పించి కడిగి అద్దుతూ ఏమైందని అడిగాను. ఏం లేదండీ అంది. మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది, నా వంక చూడకుండా, కాలవ వైపు చూస్తూ. బల్లకట్టు మీద చెక్క ఇరిగింది. నా కాలు దిగబడింది. కింద నీళ్ళు కనపడ్డయ్.

మూడే మాటలు. చెక్క సందులోంచి ఆ నీళ్ళు నాకూ కనిపించాయి.

"ఇప్పుడు చెప్పావే, అది రాయి" అన్నాను.

ఆ పిల్ల మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "ఇది కూడా రాయొచ్చాండీ?"

రాయొచ్చన్నాను. కుంటుకుంటూ వెళ్ళి గోడ మీద రాసింది. చెప్పింది చెప్పినట్టే, అదే భాషలో, ముత్యాల్లాంటి అక్షరాల్లో. ఆ రోజు పెద్ద మాస్టారు సమితి ఆఫీసుకు పని మీద వెళ్ళారు. దిద్దే మనిషి లేడు. ఆ వాక్యాల్ని నేను ముట్టుకోదలచుకోలేదు. గంట కొట్టించేశాను.

మధ్యాహ్నానికి రేవు పాటదారు గారు సైకిలు మీద వచ్చారు. అప్పటికి రెండు బస్సుల జనం అది చదివారు. టీకొట్టు దగ్గర ఎవరో ఆయన్ని ఎగతాళి కూడా చేశారట. ఆయన అరవలేదు. నెమ్మదిగానే మాట్లాడారు. చెక్క సంగతి తనకు తెలుసనీ, వడ్రంగికి చెప్పాననీ, ఈలోగా చిన్నపిల్లలచేత ఇలా రోడ్డు మీద రాయించడం బడికి తగదనీ అన్నారు. అమ్మాయిగారు కొత్త, ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదని విన్నాను, సమితిలో మావాళ్ళు ఉన్నారు, అనవసరంగా మాట ఎందుకు రావాలి అని కూడా అన్నారు. గోడ పెద్ద మాస్టారి అధీనంలో ఉందనీ, ఆయన రేపు వచ్చి ఏం చెయ్యమంటే అది చేస్తాననీ చెప్పాను. ధైర్యంతో అన్న మాట కాదు. ఏం చెయ్యాలో తోచక అన్న మాట.

మర్నాడు నేను బస్సు దిగేసరికి ఆ పిల్ల తల్లి వరండా మెట్ల మీద కూర్చుని ఉంది. నాట్లకు వెళ్ళే మనిషి, చీర పైకి దోపుకునే వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"అమ్మగారూ, అది చెరిపించండమ్మా. ఆయన చేలో పని చేసుకు బతికేవాళ్ళం. పిల్లకేం తెలుసు."

నిన్న నాకు నా ఉద్యోగమే పెద్దదిగా కనిపించింది. ఆమె పోగొట్టుకోగలిగింది అంతకన్నా ఎక్కువ. ఒకవేళ చెరిపేస్తే? ఆ పిల్ల జన్మలో మొదటిసారి తన మాట తాను రాసింది. అది చెరిపితే మళ్ళీ సుద్దముక్క పట్టుకుంటుందా? పట్టుకుంటే నదుల పాఠమే దించుతుంది. ఈ రెంటిలో ఏది ఎంచుకోవాలో ట్రెయినింగు స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

ఇంతలో పాటదారు గారు, ఊరి పెద్దలు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళ వెనకే పెద్ద మాస్టారు. ఆయనకు దారిలోనే సంగతంతా తెలిసినట్టుంది. నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు పైకి తోసుకుని, మూడు వాక్యాలూ చదివారు. పిల్లలంతా వరండాలో గుమిగూడారు. టీకొట్టు దగ్గర వాళ్ళూ గ్లాసులతో సహా ఇటు వచ్చి నిలబడ్డారు.

అప్పుడు ఆ పిల్లే ముందుకు వచ్చింది. తల్లి ముఖం చూసిందో ఏమో, బల్ల మీద ఉన్న తడిగుడ్డ చేతిలోకి తీసుకుంది. నేను చెరిపేత్తానండీ అంది. పిల్లే చెరుపుతానంటోంది గదా మాస్టారూ, ఇంకేముంది అన్నారు పాటదారు గారు, ఆయన గొంతులో కూడా కొంచెం ఊరటే వినిపించింది.

పెద్ద మాస్టారు ఆ పిల్ల చేతిలోంచి గుడ్డ తీసుకున్నారు. అంతా అయిపోయిందనుకున్నాను. ఆయన 'ఇరిగింది' అన్నచోట మొదటి అక్షరం ఒక్కటే తుడిచి, సుద్దతో 'వి' అని రాశారు. గుడి తిప్పిన తీరు నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది. తర్వాత 'కనపడ్డయ్' చివర తుడిచి 'కనపడ్డాయి' చేశారు. సుద్దచేతులు దులుపుకుని వెనక్కి తిరిగారు.

"తప్పులు రెండున్నాయండీ. దిద్దాను. ఇంకా ఏదన్నా తప్పుంటే చెప్పండి, అదీ దిద్దుతాను."

పెద్దల్లో ఒకాయన పాటదారు గారి వైపు తిరిగి, చెక్క విరిగిందా లేదా అని అడిగారు. విరిగింది లెండి అన్నారాయన. ఇంతలో బస్సు వచ్చింది. నిలబడ్డ జనంలో సగం మంది ఎక్కి వెళ్ళిపోయారు. పాటదారు గారు సైకిలు స్టాండు తీసి, ఎక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళారు.

పెద్ద మాస్టారు ఆ తల్లిని పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడారు. ఏం చెప్పారో నాకు తెలియదు. ఆమె కళ్ళు ఒత్తుకుని, కూతురి తల ఒకసారి నిమిరి, పనికి వెళ్ళిపోయింది. పాటదారు గారి చేలోకే వెళ్ళింది. నాట్ల అదనులో మనుషులు దొరకని రోజులు కాబట్టో, ఆయన మనసే అలాంటిదో గానీ, ఆమెను ఎవరూ వద్దనలేదు.

ఆ మధ్యాహ్నం కారియర్లు విప్పుకున్నాక, మీకు భయం వెయ్యలేదాండీ అని పెద్ద మాస్టారిని అడిగాను. పెరుగన్నం కలుపుకుంటూ వేసిందమ్మా అన్నారు. పెన్షను కాగితాలు సమితి ఆఫీసులోనే ఉన్నాయి గదా అని నవ్వారు. "సర్వీసంతా పిల్లల చేతిరాత దిద్దుతూనే ఉన్నాను. ఆ చేత్తో వాళ్ళు ఏం రాస్తారో చూద్దామని నాకెప్పుడూ అనిపించలేదు. నువ్వొచ్చాక చూస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత ఆవకాయ జాడీ నావైపు జరిపారు. మా ఇద్దరి మధ్య ఆ విషయం మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళు పోస్టుమేన్ కనిపిస్తే చాలు, ట్రాన్స్‌ఫర్ ఆర్డరేమోనని ఎదురెళ్ళి అడిగేదాన్ని. ఏ ఆర్డరూ రాలేదు. ఆ మరుసటి ఏడు పర్మనెంటు కూడా అయింది. ఆ పిల్ల ఏమైందని మీరడుగుతారు, అదీ చెప్పేస్తాను. ఐదు పూర్తిచేసి, బస్సెక్కి హైస్కూలుకు వెళ్ళింది. చాలా ఏళ్ళ తర్వాత గుంటూరులో నర్సు ట్రెయినింగు అయిందని పెద్ద మాస్టారి కోడలు చెప్పగా విన్నాను. రోగుల చార్టుల్లో ఆ పిల్ల ఏం రాసి ఉంటుందో ఊహించుకుంటే నాకు భలే ధైర్యంగా ఉంటుంది.

మళ్ళీ ఆ వారంలోకి వద్దాం. గోడ దిద్దిన నాలుగైదు రోజులకు బల్లకట్టు ఆపి బాగుచేశారు. ఆ రోజు పాలెం పిల్లలు కాలవ లాకుల దగ్గరి వంతెన మీదుగా చుట్టు తిరిగి బడికి వచ్చారు. మధ్యాహ్నం పాటదారు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఒంటరిగా. కూర్చోమంటే కూర్చోలేదు.

"టీచర్ గారూ, చెక్క వేయించాను. విరిగిన సంగతి రోడ్డంతా చదివింది గదా, బాగుచేసిన సంగతి కూడా రాయించండి. ఆ పిల్లచేతే రాయించండి."

న్యాయమే అనిపించింది. ఆ పిల్లను పిలిచి చెప్పాను. సుద్దముక్క ఇచ్చాను. తీసుకుంది గానీ గోడ దగ్గరికి వెళ్ళలేదు. పాత జబ్బు తిరగబెట్టిందేమోనని నాకు దిగులేసింది. ఏమ్మా అన్నాను.

"నేనింకా సూళ్ళేదండీ. సాయంత్రం ఎక్కి సూసి, రేపు రాత్తానండీ."

పాటదారు గారు ఆ పిల్లను ఎగాదిగా చూశారు. నేను వేయించానని చెబుతున్నాను గదమ్మా అనబోయి, సగంలో ఆగిపోయారు. ఎదురుగా నిలబడింది నడుం ఎత్తు పిల్ల. మోకాలి కింద గాయం ఇంకా పక్కు కట్టి ఉంది. సరే, చూసే రాయి అన్నారు.

మర్నాడు నేను బస్సు దిగేసరికి ఆయన సైకిలు వరండా ముందు ఉంది. ఆ పిల్ల అప్పటికే రాస్తోంది. ఆయన వెనక నిలబడి, ఒక్కొక్క అక్షరం పడుతుంటే పెదవులు కదుపుతూ చదువుతున్నారు. పెద్ద మాస్టారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆ పిల్ల తొందరపడలేదు.

బల్లకట్టుకు కొత్త చెక్క వేశారు. అది గట్టిగా ఉంది. నేను ఎగిరి చూశాను. దాని పక్క చెక్క కదులుతోంది.

దిద్దడానికి ఏమీ లేదు. పెద్ద మాస్టారు సుద్దముక్క జేబులో వేసుకున్నారు. పాటదారు గారు ఆ చివరి వాక్యం మళ్ళీ చదివారు. కోపం వస్తుందేమోనని నేను చూస్తున్నాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, ఆ పిల్ల ముందుకు వంగి, ఏ పక్కదమ్మా, కుడిదా ఎడమదా అని అడిగారు.

ఆ పిల్ల ఆలోచించింది. పాలెం గట్టు నుంచి ఇటు వస్తున్నట్టుగా బడి వైపు తిరిగి నిలబడింది. రెండు చేతులూ చూసుకుని, ఎడమ చెయ్యి పైకెత్తింది.

ఆయన తల ఊపి సైకిలెక్కి, వడ్రంగి ఇంటి వైపు వెళ్ళారు.